ఆకాశం వాష్ అడుగున మరకలు రావడానికి కారణం

శనివారం వాటర్ కలర్ తరగతిలో నున్నగా వచ్చే నీలాకాశం వాష్ (నీళ్లతో పల్చగా కలిపి పరిచే రంగు పూత), ఇంట్లో వేస్తే అడుగున కాలీఫ్లవర్ లాంటి మరకలతో ఆరుతోందని మీరు రాశారు. దీనికి కారణం చాలావరకు సగం ఆరిన రంగులోకి మళ్లీ నీరు చేరడమే. అలా పాకిన నీరు రంగు రేణువులను ముందుకు నెట్టి, అంచున ముదురు గీతగా వదిలేస్తుంది.

1. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) కాగితాన్ని అట్టకు నాలుగు వైపులా టేపుతో అంటించి, పై అంచు కింద ఒక పుస్తకం పెట్టి వాలుగా ఉంచండి.

2. సరిపడా రంగును ముందే కలుపుకొని, ప్రతి బ్రష్ గీత కింద నిలిచే రంగునీటి చారను తర్వాతి గీతతో కిందికి లాగుతూ రండి.

3. చాలామంది వదిలేసేది ఇదే. చివరి గీత అడుగున ఆ చార మిగిలిపోతుంది. బ్రష్‌ను కడిగి, గుడ్డతో పిండి, దాని కొనను చారకు తాకిస్తే ఆ నీటిని బ్రష్ పీల్చుకుంటుంది. లేకపోతే కాగితం ఆరుతున్నకొద్దీ ఆ నీరే తిరిగి పైకి పాకుతుంది. మీ గురువుగారు ఈ పనిని మాట్లాడుతూనే చేసేస్తూ ఉండవచ్చు, అందుకే అది మీ కంట పడి ఉండదు.

4. పూర్తిగా ఆరేవరకు వాలు తీయకండి. లోపం కనిపించినా ముట్టుకోకండి.

వాష్ వేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి, ముఖ్యంగా ఎండాకాలంలో.