పిల్ల చెప్పింది సరే, అడిగిందేమిటి?

చి. సుమతికి,

నీ కథ చదివాను. వాక్యం బాగా నడుస్తుంది నీకు. కానీ ఏడో పేజీలో కోపమొచ్చింది. నాలుగేళ్ల పిల్ల స్కూలు కింద సొరంగం, అందులో పూజలు, చంపిన కుందేళ్లు అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. ఇంటర్వ్యూ చేయడానికి ఎదురుగా కూర్చున్నావిడ నోరే విప్పలేదు! ప్రీస్కూలు నడిపేవాళ్లు పిల్లల మీద లైంగిక అఘాయిత్యాలు చేశారని అమెరికాలో నడిచిన మెక్‌మార్టిన్ కేసు మీద కథ రాస్తూ ప్రశ్నలు ఎలా వదిలేశావమ్మా? ఆ కేసంతా ప్రశ్నల్లోనే ఉంది.

1983 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని మాన్‌హాటన్ బీచ్ పోలీసులు ఆ ప్రీస్కూలు పిల్లల తల్లిదండ్రులకి, దాదాపు 200 కుటుంబాలకి ఉత్తరం రాశారు. అనుమానితుడి పేరు, అతను ఏమేం చేసి ఉండొచ్చో అందులోనే పెట్టి, మీ పిల్లల్ని అడగండి అన్నారు. ఇంటర్వ్యూ గదికి వెళ్లకముందే పిల్లల చెవిన ఆ మాటలు పడ్డాయి. కథ అక్కడ మొదలుపెట్టు. అన్నం దగ్గర తల్లి ఎలా అడిగింది, పిల్ల 'లేదు' అన్నాక మళ్లీ ఎందుకడిగింది, అది రాయి.

తర్వాత గది. పిల్ల చేతికి ఒక బొమ్మ తొడుగుతారు. మీ ఫ్రెండ్స్ అందరూ చెప్పేశారంటారు. 'అవును' అంటే మెచ్చుకుంటారు, 'లేదు' అంటే మొహం ముడుచుకుంటారు. అదే ప్రశ్న మళ్లీ వేస్తే తన మొదటి జవాబు తప్పేమోనని నాలుగేళ్ల పిల్ల అనుకుంటుంది. అప్పటికీ చెప్పకపోతే, పోనీ ఊహించి చెప్పమంటారు. 1998లో పరిశోధకులు ఈ పద్ధతుల్నే మూడు నుంచి ఆరేళ్ల పిల్లల మీద పరీక్షించారు. స్కూలుకొచ్చి కథ చెప్పి వెళ్లిన ఒకాయన చేయని పనుల గురించి అడిగారు. ప్రశ్నలో జవాబు అందించి ఊరుకుంటే 17 శాతం 'అవును'లు వచ్చాయి. పొగడ్త, తోటిపిల్లల మాట కూడా కలిపితే 58 శాతం. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

సరైన ఇంటర్వ్యూ కూడా ఒకటి రాసి చూడు, తేడా నీకే తెలుస్తుంది. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చని పిల్లకి ముందే చెప్పాలి. పుట్టినరోజు లాంటి మామూలు సంగతి చెప్పించి అలవాటు చేయాలి. ఆపైన 'ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు' అని ఊరుకోవాలి. మొత్తం రికార్డు చేయాలి.

అడిగినావిడని రాక్షసిని చేయకు. పిల్లల మీద అఘాయిత్యాలు నిజంగా జరుగుతాయి, వాళ్ల మాట నమ్మనివాళ్లే ఎక్కువగా ఉన్న కాలమది. ఆవిడ కాపాడుతున్నాననే నమ్మింది. అందుకే అంత పట్టుబట్టింది.

సొరంగంలో చివరికి ఏదో దొరికినట్టు ముగించమని ఎవరో ఎడిటరు చెప్పారన్నావు. ఈ ఎడిటర్లకి నెత్తురు, బలిపీఠం ఉంటే చాలు! పూజల కోసం పసివాళ్లని చంపుతున్నారన్న నింద చాలా పాతది. రెండో శతాబ్దంలోనే రోమన్లు దాన్ని క్రైస్తవుల మీద వేశారు. 1144లో ఇంగ్లండులోని నార్విచ్‌లో చనిపోయిన పిల్లాడి హత్యని తర్వాత యూదులకి అంటగట్టారు. ఆ నిందనే మళ్లీ నిజం చేసి చూపించే కథ నువ్వు రాయకు.

జడ్జిమెంటుతో కూడా ఆపకు. ఏడుగురు నిందితుల్లో అయిదుగురి మీద కేసు 1986లోనే ఎత్తేశారు. 1990కల్లా ఒక్కరికీ శిక్ష పడకుండానే అంతా ముగిసింది. 2005లో అప్పటి పిల్లల్లో ఒకతను, తనకేమీ జరగలేదని, పెద్దవాళ్లు వినాలనుకున్నదే చెప్పానని పత్రికలో బయటపెట్టాడు. జరిగిందనే నమ్ముతూ పెరిగినవాళ్లూ ఉన్నారు. నీ పిల్ల ముప్పయ్యేళ్లకి వీళ్లలో ఎవరిలా ఉంటుందో ముందు తేల్చుకుని, ఆఖరి అధ్యాయం అప్పుడు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు