కర్ర చీలింది, నడుము పట్టింది: సాముపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు, ఊళ్లో కర్రసాము నేర్చుకుంటున్నాడు. సంతలో కొన్న కర్ర నెల తిరక్కుండానే నిలువునా చీలింది. పైగా తిప్పేటప్పుడు ఎడమ మోకాలికి తగిలించుకుంటున్నాడు. ఏం చెయ్యాలి?
– ఒక తల్లి, కళ్యాణదుర్గం

జవాబు: అమ్మా, పచ్చి వెదురును ఎండలో పెట్టి తొందరగా ఆరబెట్టి ఉంటారు. పైచెక్క ముందు ఆరి బిగుసుకుంటుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. ఆ లాగుడుకు కర్ర నెర్రె విడుస్తుంది. మేదరుల దగ్గర లోపల బోలు లేని గట్టి వెదురు, అదే సాధనపు వెదురు, అడగండి. మూడేళ్లు ముదిరి, వానలు వెనకబట్టాక చలికాలంలో కొట్టినదైతే మేలు. లేత బొంగులో గంజి ఎక్కువ, పుచ్చు పురుగు దాన్నే వెతుక్కుంటూ వస్తుంది. తెచ్చాక రెండు వారాలు నీళ్లలో నానేసి, నీడలో నిలబెట్టి రెండు నెలలు ఆరనివ్వండి. వంకర ఉన్నచోట సన్నని సెగ చూపించి వంచితే సరవుతుంది. కణుపులను గాజుపెంకుతో గీకి, ఉప్పుకాగితంతో రుద్దాలి. లేకపోతే అరచెయ్యి పొక్కులే. నూనె గుడ్డతో పల్చగా పట్టించి, పొడిగుడ్డతో తుడిచెయ్యండి. జిడ్డు మిగిలితే కర్ర చేతిలోంచి జారి ఎదుటివాడి మీదకు పోతుంది.

పొడవు చెవి దాకా, లావు ముప్పావు అంగుళం చాలు. కొనేముందు ఒక కొస వదులుగా పట్టుకుని రెండో కొసను రాతి మీద తట్టండి. ఖంగుమంటే మంచిది, గలగలమంటే లోపల చీలిక ఉన్నట్టే.

ఇక మోకాలి సంగతి. ఎనిమిది అంకెలా తిప్పేటప్పుడు కర్ర కుడిపక్క నుంచి ఎడమపక్కకు దాటే క్షణంలోనే మణికట్టు తిరగబడాలి. అది ఆలస్యమైతే కర్ర తోక మోకాలిని వెతుక్కుంటుంది. పిడికిలి బిగించేవాళ్లకు మణికట్టు తిరగదు. బొటనవేలు, పక్క రెండు వేళ్లతో పట్టుకుని, మిగతావి ఊరికే ఆనించమనండి. మోచెయ్యి ఒంటికి జానెడు దూరంలో ఉండాలి. వేగం ఇప్పుడొద్దు. చేతికి యాభై చొప్పున నెమ్మదిగా, లెక్కపెట్టి తిప్పమనండి.

ప్రశ్న: సీమ కర్ర అంటే బయటివాళ్లకు దసరా రాత్రి కర్రలతో కొట్టుకునే దేవరగట్టు బన్నీ ఉత్సవమే గుర్తొస్తుంది. బన్నీలో ఆడేది కర్రసామేనా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: కాదు. కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో విజయదశమి అర్ధరాత్రి మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం తర్వాత ఉత్సవమూర్తులు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు వాటికి కాపు కాస్తారు, తక్కిన ఊళ్లవాళ్లు దక్కించుకోవాలని మీదికొస్తారు. అది మొక్కు, దేవుడి పని. సాముకు మనిషి చుట్టూ కనీసం పన్నెండు అడుగుల ఖాళీ కావాలి. దివిటీల వెలుగులో, భుజం భుజం రాసుకునే జనంలో కర్ర తిరగదు, పైకి లేచి తల మీదకు దిగుతుంది. తలలు పగిలేది అందుకే. జోడీ సాములో దెబ్బ ఎదుటివాడి ఒంటికి జానెడు దూరంలో ఆగాలి. ఆపడం రానివాణ్ణి గురువు జోడీకి దించడు. బన్నీ కర్రలకు ఇనుప చుట్లు తొడగడం మానేస్తే మొక్కుకు ఏ లోటూ రాదని మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: మా రచ్చకట్ట దగ్గర బలం చూపడానికి ఎత్తే పాత రాతి గుండు ఉంది. ఎత్తబోయి ఒకడికి నడుము పట్టేసింది. బరువెంతో, ఎలా ఎత్తాలో చెప్పండి.
– కొందరు యువకులు, ప్రొద్దుటూరు

జవాబు: ముందు తాడుతో చుట్టుకొలత చూడండి. నల్లరాతి గుండు 3 అడుగులుంటే సుమారు 34 కిలోలు, 4 అడుగులకు 80, 5 అడుగులకు 155 పైచిలుకు. చూపుకు అడుగే తేడా, బరువు మాత్రం రెట్టింపు. మీవాడు మోసపోయింది అక్కడే అయ్యుంటుంది.

గుండును లాగి ఎత్తకూడదు, ఒంటికి ఎక్కించుకోవాలి. కాళ్ల మధ్య పెట్టుకుని, చేతులకు బూడిద రాసుకుని, వేళ్లు అడుగుకు దూర్చండి. చేతులు తాళ్లలా చాచి ఉండాలి. మోచెయ్యి ముడిచి గుంజితే కండ తెగుతుంది. మోకాళ్ల దాకా తెచ్చి, గొంతుక్కూర్చుని తొడల మీదకు దొర్లించుకోండి. అక్కడ ఊపిరి పీల్చుకుని, ఎదకు కావలించుకుని, కాళ్ల బలంతో లేవండి. భుజానికి ఎక్కేది ఆ తర్వాతే. భుజం మీంచి వెనక్కి వదిలేస్తారు గనక వెనక మనిషి ఉండకూడదు, కింద అరడుగు ఇసుక పరచాలి. సిమెంటు మీద పడితే గుండు పెచ్చులూడుతుంది, ఆ అంచు తర్వాత ఎత్తేవాడి వేళ్లను కోస్తుంది.