అంతకుముందు ఆ కారు నడిపినవాళ్లు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన కథ రెండుసార్లు చదివాను. హైదరాబాదులో అద్దెకు తీసుకున్న కారులో ఒక హత్య జరగడం, ఆ కారును అంతకుముందు వాడిన నలుగురిని పోలీసులు ఒక్కొక్కరిగా ప్రశ్నించడం మంచి ఇతివృత్తమే. అయితే ఆ నలుగురూ హంతకుడి దాకా వెళ్లడానికి నీవు వేసుకున్న మెట్లుగా మిగిలిపోయారు. నా దృష్టిలో ఈ కథ వాళ్లది. మూడు వారాల కిందట పెళ్లికి వెళ్లడానికి తీసుకుని, తుడిచి, తిరిగి అప్పగించిన కారు గురించి, ఏ పాపమూ ఎరుగని మనిషి ఠాణాలో కూర్చుని జవాబు చెప్పుకోవలసి రావడం చిన్న విషయం కాదు.

ముందు చట్టం సంగతి సరిచూసుకో. నీ ఎస్సై ఆ నలుగురిలో ఒకరైన గృహిణిని రాత్రిపూట ఠాణాకు రప్పించాడు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం సాక్షిని పిలిపించడానికి రాతపూర్వకమైన ఉత్తర్వు ఉండాలి. స్త్రీలను, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన పురుషులను, తమంతట తాము వస్తామంటే తప్ప, వాళ్ల ఇంటి దగ్గరే ప్రశ్నించాలి. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పథీ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు, స్త్రీని ఠాణాకు పిలవడాన్ని తప్పుపట్టింది. వాంగ్మూలం మీద ఆమె చేత సంతకం చేయించావు, అదీ కుదరదు. ఎస్సైని ఆమె ఇంటికే పంపు. చెప్పులు విప్పాలా వద్దా అని గుమ్మంలో తటపటాయించే కానిస్టేబులు, వంటింటి తలుపు వెనక నిలబడి వినే అత్తగారు, ‘ఎందుకొచ్చారమ్మా’ అని అడిగే పక్కింటావిడ, వీళ్లంతా అప్పుడు కథలోకి వాళ్లంతట వాళ్లే వస్తారు.

పోలీసులు వీళ్లను ఎందుకు వెతుకుతారో కూడా నీవు చెప్పలేదు. అద్దె కారు స్టీరింగు మీద, తలుపుల మీద ఎందరివో వేలిముద్రలుంటాయి. న్యాయంగా వాడినవాళ్లవి తీసివేస్తే గాని మిగిలినవి ఎవరివో తేల్చలేరు. ఇక ఫాస్టాగ్ లెక్కలు, జీపీఎస్ వివరాలు ముందే చేతిలో ఉంటాయి కనుక, ‘ఎక్కడికి వెళ్లారు’ అని ఎస్సై అడిగేది తెలియక కాదు. ఎదుటి మనిషికి ఆ సంగతి తెలియదు. ఆ సన్నివేశంలో ఉద్వేగమంతా అక్కడే ఉంది.

అన్నిటికంటే నన్ను బాధించింది నీ పాత్రల జ్ఞాపకశక్తి. నలుగురూ తేదీలు, గంటలు తడుముకోకుండా చెప్పారు. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో బాంబు పేలి 168 మంది మరణించినప్పుడు, బాంబు ఉంచిన ట్రక్కు ఇరుసు మీద మిగిలిన నంబరు పట్టుకుని ఎఫ్‌బీఐ కాన్సస్ రాష్ట్రంలోని జంక్షన్ సిటీలో దానిని అద్దెకిచ్చిన దుకాణానికి చేరింది. బాంబు పేల్చిన తిమోతి మెక్‌వే మారుపేరుతో దానిని తీసుకున్నాడు. అతని వెంట మరొకడు ఉన్నాడని అక్కడి మెకానిక్ చెప్పగా గీసిన ఊహాచిత్రం దేశమంతా తిరిగింది. చివరికి ఆ రూపం, మెక్‌వే ట్రక్కు తీసుకున్న మర్నాడు అదే దుకాణానికి ట్రక్కు కోసం వచ్చిన ఒక సైనికుడిదని, అతనికి ఈ నేరంతో సంబంధమే లేదని ఎఫ్‌బీఐ తేల్చింది. మెకానిక్ అబద్ధమాడలేదు; రెండు రోజులు అతని మనసులో ఒకటైపోయాయి. నీ నాలుగో సాక్షిని అలా పొరబడనివ్వు. అతని నిజాయితీ వల్లనే అమాయకుడొకడు చిక్కుల్లో పడితే పాఠకుడికి ఊపిరాడదు.

సీటు కింద దొరికిన పాప జుట్టు క్లిప్పును ఒక్క వాక్యంలో దాటేశావు. దానిని ప్లాస్టిక్ కవరులో పెట్టి ఎస్సై బల్ల మీద ఉంచితే, తన కూతురిదని గుర్తుపట్టిన తండ్రి చెయ్యి ముందుకు వచ్చి మధ్యలోనే ఆగిపోతుంది. ‘నాది’ అంటే ఏమవుతుందో, కాదంటే ఏమవుతుందో అతనికి తెలియదు. అక్కడి నుంచి మళ్లీ రాసి పంపు, చదువుతాను.