మూత మీద కాదు, సీసా మీద రాయి

చి. బుజ్జికి,

అత్తయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీకు ముంబైలో ఉద్యోగం వచ్చిందని చెప్పాడు. "అదేదో కణాలతో క్యాన్సర్ మందు తయారుచేసే చోటట అక్కా, నీకైతే అర్థమవుతుంది" అన్నాడు. అర్థమైంది కాబట్టే నిద్ర పట్టలేదు. 36 ఏళ్లు ల్యాబులో కణాలు పెంచినదాన్ని. కాసేపు సంతోషంతో, కాసేపు భయంతో మేలుకునే ఉన్నాను. తెల్లారగానే ఇది రాయడానికి కూర్చున్నా.

మామూలు సంగతులు ట్రైనింగ్‌లో వాళ్లే చెప్తారు. గ్లవ్స్ మీద స్పిరిట్ కొట్టుకో. కణాల్ని గడ్డకట్టించి దాచే లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకు మూత తీసేటప్పుడు ముఖానికి షీల్డ్ పెట్టుకో, అది మైనస్ 196 డిగ్రీలు. మైకోప్లాస్మా పరీక్ష ఎప్పుడూ వాయిదా వెయ్యకు, అది కణాలకు పట్టే అతి చిన్న బ్యాక్టీరియా. అది పట్టినా మీడియం, అంటే కణాలు పెరిగే ద్రవం, మబ్బుగా మారదు, మామూలు మైక్రోస్కోపులో కనపడదు. కణాలు మాత్రం లోలోపల చెడిపోతాయి.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది లేబుల్ గురించి.

1987లో సంగతి. నేను చేరి రెండేళ్లు కూడా కాలేదు. అప్పట్లో మా దగ్గర గాజు సీసాల్నే కడిగి, ఆటోక్లేవ్‌లో ఆవిరితో క్రిములు చంపి మళ్లీ మళ్లీ వాడేవాళ్లం. సీసా మీద మార్కర్‌తో రాస్తే స్పిరిట్‌తో తుడిచినప్పుడు అక్షరాలు చెరిగిపోయేవి. అందుకని నేను మూత మీద రాసేదాన్ని. మూత మీద రాత చెక్కు చెదరదు కదా, అదే తెలివి అనుకున్నాను. వద్దని చెప్పినవాళ్లు లేరు.

ఒక శుక్రవారం సాయంత్రం హుడ్‌లో, అంటే క్రిములు లేని గాలి వీచే అరలో, రెండు సీసాలు పెట్టుకున్నాను. ఒకటి మేం రోజూ వాడే కణాలది. రెండోది మా సీనియర్‌ది, పీహెచ్‌డీ చేస్తుండేవారు, నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ కణాలు నెమ్మదిగా పెరిగేవి, వారానికోసారి కొత్త సీసాలోకి మార్చితే చాలు. ఒకేసారి రెండూ తెరిచాను. ఒకటి ముగించి రెండోది తెరవాలని నాకు తెలుసు. కానీ ఆరున్నర బస్సు పోతే మళ్లీ గంటసేపు నిలబడాలి. మధ్యలో ఎవరో పిలిస్తే తల తిప్పి జవాబిచ్చాను. మళ్లీ చూసేసరికి రెండు మూతలూ పక్కపక్కన బోర్లా ఉన్నాయి. ఎడమది ఎడమ సీసాకి, కుడిది కుడి సీసాకి పెట్టి, ఇంక్యుబేటర్‌లో సర్దేసి పరుగెత్తాను.

బస్టాపులో నిలబడ్డాక గుండె దడదడలాడింది. ఎడమ సీసా మూత తీసి నేను ఎటు పెట్టాను? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. వెనక్కి పది నిమిషాల నడక. ఇంతలో బస్సు వచ్చింది. ఎక్కేశాను.

సోమవారం మైక్రోస్కోపు కింద చూస్తే రెండూ ఒకేలా కనిపించాయి. ఏమీ కాలేదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. అక్క మూత ఉన్న సీసాలోంచే ఆవిడ కోసం స్టాకు కూడా ఫ్రీజ్ చేశాను. పదకొండో రోజు అక్క సీసా పట్టుకొచ్చి, "ఇవేంటి, రాత్రికి రాత్రి ఇంతలా పెరిగిపోయాయి?" అంది. అప్పుడు చెప్పాను, ఏడుస్తూ.

ఆవిడ అరవలేదు. ఒక్కటే అడిగింది. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే అక్కా. బస్టాపులో."

"ఆ రాత్రే చెప్పుంటే పాత స్టాకు తీసి మళ్లీ మొదలుపెట్టేదాన్ని కదమ్మా" అంది. మధ్యలో ఆ పదకొండు రోజులూ ఆవిడ ఆ కణాల మీదే ప్రయోగాలు చేసింది, ఉన్న కాస్త మందూ వాటి మీదే ఖర్చు పెట్టింది. అది మళ్లీ బయటి దేశం నుంచి రావాలి. ఫెలోషిప్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. ఆ అధ్యాయం లేకుండానే థీసిస్ ఇచ్చి వెళ్లిపోయింది. చివరి రోజు తన సీసాలన్నీ తనే కడిగి, వరసగా స్టాండులో బోర్లించి వెళ్లింది. నేను కడుగుతానంటే వద్దంది. ఇప్పటికీ బోర్లించిన సీసాలు చూస్తే నాకు ఆవిడే గుర్తొస్తుంది.

మూతలు మారడం పొరపాటు, బుజ్జీ. ఆ పదకొండు రోజులు మాత్రం నేను చేసిన తప్పు.

అప్పుడు పోయింది ఒకరి పరిశోధన. నీ దగ్గర అలా కాదు. రోగి రక్తంలోంచి టి-కణాల్ని, అంటే జబ్బుతో పోరాడే తెల్ల రక్తకణాల్ని, వేరు చేసి పంపిస్తారు. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేలా చేసే జన్యువును వైరస్ సాయంతో వాటిలోకి ఎక్కించి, పెంచి, గడ్డకట్టించి సంచిలో తిరిగి పంపుతారు. ఒక మనిషికి ఒక సంచి. ఇంకొకరికి పనికిరాదు, ఎక్కిస్తే ప్రాణానికే ముప్పు. బ్యాచ్ పాడైతే మళ్లీ తీయొచ్చులే అనుకోకు. కీమో మీద కీమో పడినవాళ్లలో టి-కణాలే తక్కువుంటాయి, పైగా జబ్బు ఆగదు. కాబట్టి ఒక్కసారి ఒక్క సీసానే తెరువు. పేరు, నంబరు సీసా ఒంటి మీద ఉండాలి. బార్‌కోడ్ ఉన్నా సరే, పైకి చదివి పక్కవాళ్ల చేత మళ్లీ చదివించు. నీకు తొందరెక్కువ. జడ వేస్తుంటే సగంలో లేచి పరుగెత్తేదానివి, రెండో రిబ్బను నా చేతిలోనే ఉండిపోయేది. ఆ తొందర గుమ్మం బయటే వదిలి లోపలికి వెళ్లు.

అనుమానం వస్తే ఆ క్షణమే చెప్పు. తిడతారు, తిట్టనీ. 2012లో ఫిలడెల్ఫియాలో ఎమిలీ వైట్‌హెడ్ అనే ఆరేళ్ల పాపకి ఇలా మార్చిన టి-కణాలే, కార్-టి అంటారు, ఎక్కించారు. ఈ వైద్యం అందుకున్న మొదటి చిన్నపిల్ల ఆమే. ఒళ్లు కాలిపోయే జ్వరం, వెంటిలేటర్ మీద పెట్టారు. రక్తం పరీక్షలో ఐఎల్-6 అనే, ఒంట్లో వాపు రేపే ప్రోటీన్ విపరీతంగా పెరిగిందని తేలింది. ఈ వైద్యాన్ని తీర్చిదిద్దిన డాక్టర్ కార్ల్ జూన్ కూతురికి కీళ్లవాతం ఉండటంతో, ఐఎల్-6ని అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే కీళ్లవాతం మందు గురించి ఆయనకు తెలుసు. అది ఇచ్చాక పాప తేరుకుంది. అందరూ ఆ మందు గురించే చెప్తారు. నాకు మాత్రం ఆ రిపోర్టు వేళకి పంపినవాళ్లే కళ్లముందు కనిపిస్తారు.

నువ్వు చూడని నీ చిన్న బాబాయి గురించి నాన్న ఎప్పుడైనా చెప్పాడా? 1974లో బ్లడ్ క్యాన్సర్ వచ్చింది, వాడికి ఏడేళ్లు. అమ్మ పసుప్పచ్చ చిన్న మాత్రలు బెల్లం ముక్కలో పెట్టి మింగించేది. అవి మెథోట్రెక్సేట్ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్ ఉంది కదా, 1947లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, ఉన్న పిల్లలకిచ్చి చూశాడు. ఈ మాత్రలు ఆ కుటుంబంలోవే. వాటితో వాడు ఇంకో ఏడాది బడికి వెళ్లాడు. అంతే వెళ్లాడు.

2023 అక్టోబరులో నెక్స్‌కార్19కి అనుమతి వచ్చిందని పేపర్లో చదివినప్పుడు వాడే గుర్తొచ్చాడు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి మన దేశంలోనే తయారుచేసిన మొదటి కార్-టి. అమెరికా ధరలో సుమారు పదో వంతట. ఆ పదో వంతు కూడా మనలాంటి ఇళ్లకు ఆస్తి అమ్ముకుంటే గానీ దొరకని డబ్బే, అది మరిచిపోకు. ఇప్పుడు అలాంటి పని మనింటి పిల్ల చేతుల మీదుగా జరగబోతోంది. మీ నానమ్మ ఉంటే వీధంతా చెప్పి వచ్చేది.

కణాలకు మీడియం ఆదివారం కూడా మార్చాలి, అది నిజమే. అలాగని అన్నం మానేసి వెళ్లకు. నిద్ర చాలని రోజు ముందే చెప్పి, వేరేవాళ్లను హుడ్‌లో కూర్చోబెట్టమను.

మొదటి వారం అయ్యాక ఫోన్ చెయ్యి. ఏ సంచి ఎవరిదో నాకు చెప్పకూడదు, నేనూ అడగను. ఎన్నింటికి తిన్నావో చెప్పు చాలు.

నీ
అత్తయ్య