తమ్మీ, ఎవరు ఎవరిని కాపీ కొట్టిన్రో రాసే ముందు

తమ్మీ,

నీ వ్యాసం చదివిన. మంచిగనే ఉన్నది, కోపం గూడ ఉన్నది అందుల, కోపం ఉండుడు తప్పుగాదు, కానీ తెల్లోళ్లు మన సంగీతం, ఆఫ్రికా సంగీతం ఎత్తుకపోయి ప్రయోగం అని పేరుపెట్టి అమ్ముకున్నరని మూడు పేజీలు తిట్టి, ఆఖర్ల మీ మహబూబ్‌నగర్ దోస్తులు కిన్నెర రికార్డు చేసి ఎలక్ట్రానిక్ బీటు మీద పెట్టిన ట్రాకును మాత్రం అద్భుతమైన ఫ్యూజన్ అని మెచ్చుకున్నవ్. వాళ్లకో తూకం, మనోళ్లకో తూకం. చదివేటోళ్లు నిన్ను ఈడనే పట్టుకుంటరు.

అమెరికా సంగీతకారుడు స్టీవ్ రైక్‌ను ఒక్క లైన్ల తీసి అవతల పడేసినవ్, ఆఫ్రికా డప్పులు కాపీ కొట్టి పేరు తెచ్చుకున్నడు అని. ఆయన 1970ల ఘనా పోయిండు, ఆక్రాల ఎవే జాతి డప్పుల గురువు దగ్గర కూసొని నేర్చుకున్నడు, మలేరియా వచ్చి అనుకున్నదానికన్న ముందే వాపస్ వచ్చిండు. 1971 కల్లా డ్రమ్మింగ్ అని పెద్ద రచన పూర్తి చేసిండు. అందుల ఏమున్నయో చూసినవా? బాంగో డప్పులు, చెక్క పలకల మరింబాలు, లోహపు పలకల గ్లాకెన్‌ష్పీల్‌లు, ఆడోళ్ల గొంతులు, ఈల, పికోలో అనే ఒక చిన్న పిల్లనగ్రోవి, ఇంతే, ఎవే డప్పు ఒక్కటి గూడ లేదు. ఇద్దరు ఒకటే ముక్క వాయిస్తుంటే ఒకరు మెల్లగ ముందుకు జరుగుకుంట జరుగుకుంట ఇంకో లెక్కల పడే పద్ధతి ఉన్నది చూడు, ఫేజింగ్ అంటరు, అది గూడ ఆయనకు ఘనాల దొరకలే, 1965లనే టేప్ రికార్డర్ల మీద దొరికింది. మరి ఘనా ఏమిచ్చింది అంటవా, ఎవే వాయిద్యంల గంట ఒకటి ఆపకుండ ఒకటే తీరుగ నడుస్తుంటది, ఒక్కొక్కరి చేతిల చిన్న ముక్కనే ఉంటది, ఎత్తుకునే జాగ ఒక్కొక్కరిది వేరే, అన్నీ కలిసినంకనే అసలు సంగతి వినవడ్తది. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు పోయినప్పుడు భేరీల నడుమ నిలవడి ముందుగాల ఒక్క భేరి మీదనే చెవి పెట్టు, తర్వాత అన్నిటినీ కలిపి విను, నేను ఏమంటున్ననో కొంత తెలుస్తది. మెషీన్లు లేకుండ మనుషుల చేతులతోనే ఇంత పెద్దది కట్టొచ్చని ఆయనకు ఆడ నమ్మకం కుదిరింది. తీసుకున్నది శబ్దం గాదు, కట్టే తీరు.

ఇంకో సంగతి, నీకు పనికొచ్చేది ఇదే. ఘనా నుంచి ఇనుప గంటలు తెచ్చుకున్నడు ఆయన, వాటిని తన వాయిద్యాల స్వరానికి కలపాలంటే ఆకురాయితోని అరగదీయాలె. దానికి మనసు ఒప్పుకోలే, పక్కకు పెట్టేసిండు. ఇప్పుడు మీ దోస్తులు ఏం చేసిన్రు? నువ్వే రాసినవ్, కిన్నెర కీబోర్డుతోని కలుస్తలేదని సాఫ్ట్‌వేర్ల పిచ్ కరెక్షన్, అంటే స్వరాలను కీబోర్డు కొలతకు జరుపుడు, చేసిన్రని. కీబోర్డుల పన్నెండు స్వరాలు ఒక్క కొలతల ఉంటయ్, కిన్నెరేమో వెదురుకు సొరకాయ బుర్రలు కట్టి చేతితోని చేసుకున్నది, చెవితోని సరిచూసుకున్నది, దాన్ని సాఫ్ చేస్తే ఇగ మిగిలేది తీగ టంగుమనుడే. రైక్ అరగదీయలే, మనోళ్లు అరగదీసిన్రు. అట్లని రైక్‌ను నెత్తిన పెట్టుకోమంటలేను. పేరు ఎవరికి వచ్చింది, పైసలు ఎటు పోయినయ్, విమానం ఎక్కి పోయి నేర్చుకునే వీలు ఎవరికి ఉండె, ఇవన్నీ అడుగు, గట్టిగ అడుగు, కానీ అవి కాపీ కొట్టిండా లేదా అన్నదానికి జవాబు గావు, వేరే ప్రశ్నలు. (ఘనాల రైక్‌కు నేర్పిన ఆ గురువు పేరు గిడియన్ అలోర్వోయి. ఆయన పక్షాన మాట్లాడుతున్న అనుకుంటనే ఆయన పేరు ఒక్కసారన్న రాయలే నువ్వు.)

మన దిక్కు గూడ చూడు, ఒకటే ఇంట్ల రెండు తీర్లు ఉన్నయ్. ముత్తుస్వామి దీక్షితులు, ఆయన తమ్ముడు బాలుస్వామి మద్రాసు దిక్కు ఉన్నప్పుడు కోటల తెల్లోళ్ల బ్యాండు విన్నరు. అన్న ఆ ట్యూన్లకే సంస్కృతం మాటలు కట్టిండు, నొట్టుస్వరాలు అంటరు, నలభై దాకా ఉన్నయ్, బ్రిటిషోళ్ల రాజుగీతం ట్యూనుకు గూడ ఒకటి ఉన్నది. తమ్ముడు వయొలిన్ నేర్చుకొని కర్ణాటక సంగీతంలకు తెచ్చిండు. రానురాను తీగలు సా పా సా పా అని మార్చుకున్నరు, గమకం, అంటే స్వరాన్ని ఊపుడు, పలకాలంటే ఎడమ చేయి తీగ మీద జారాలె, చేయి వాయిద్యాన్ని మోసుకుంట ఉంటే జారదు, అందుకే కింద కూసొని దాని తల కాలి చీలమండ మీద ఆనించుకున్నరు. ఇయ్యాల వయొలిన్ లేని పాటకచేరీ కనవడుడు కష్టం. నొట్టుస్వరాలు చెడ్డవి అనకు, చిన్నపిల్లలకు నేర్పుతనే ఉన్నరు, ముచ్చటగ ఉంటయ్, కానీ బ్యాండు ట్యూను బ్యాండు ట్యూను లెక్కనే ఉన్నది, గమకం అంటలే. వయొలిన్‌కు మాత్రం కూసునుడే మారిపోయింది. రాసేటప్పుడు ఇట్ల చేతులు చూడు, తీగలు చూడు, తీసుకున్నోడు ఏం మార్చుకున్నడో ఆడ దొరుకుతది, ప్రేరణ, ఆత్మ, మూలాలు అని నువ్వు పేరాకొకటి పెట్టిన మాటలల్ల దొరకదు.

చరణ్‌జీత్ సింగ్ ముచ్చట తీసెయ్యి. 1982ల ఆ బొంబాయి సినిమా వాయిద్యకారుడు పది రాగాలను రోలాండ్ మెషీన్ల మీద డిస్కో బీటుతోని వాయించిన మాట నిజమే, 1987ల చికాగో నుంచి వచ్చిన ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతం యాసిడ్ హౌస్‌ల గూడ ఆ రోలాండ్ల ఒకటైన 303 మెషీనే ఉన్నమాట నిజమే. 2010ల పాత రికార్డు మళ్ల బయటికి వచ్చినంక మనోడే ముందు కనిపెట్టిండని అందరు గంతులేసిన్రు, నువ్వు ఇంకో అడుగు ముందుకేసి చికాగోవోళ్లు ఆయన్ని కాపీ కొట్టిన్రు అని రాసినవ్. వాళ్లు ఆ రికార్డు విన్నట్టు ఆధారం ఏది? మెషీన్ ఒకటే అయితే ఆ జారుడు శబ్దం ఎవని చేతిలనన్న వస్తది.

ఇగ వ్యాసం ఎట్ల చెయ్యాల్నంటే, ముందటి మూడు పేజీలు ఒకటిన్నరకు దించు, కిన్నెర భాగం పెంచు. పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య గారికి 2022ల పద్మశ్రీ వచ్చింది అని ఒక లైను రాసి కిన్నెర గురించి రాసేసిన అనుకోకు, అది అందరికీ తెలిసిందే. మీ దోస్తుల ట్రాకుల వాయించిన ముసలాయన ఊరికి పో. ట్రాకు మీద ఆయన పేరు ఉన్నదా, ఏమన్న ఇచ్చిన్రా, పూర్తయినంక ఆయనకు వినిపించిన్రా, లేకపోతే నీ ఫోన్ల నువ్వే వినిపించు, సాఫ్ చేయకముందుదీ చేసినంకదీ రెండూ. ఆయన ఏమంటే అది రాయి, నచ్చింది అన్నా సరే, నీ వాదం ఎటు పోతే అటు పోనీ. మీ దోస్తులు అలుగుతరు, అలగనీ. పత్రికోళ్లు తొందరపెడితే నేను ఆపిన అని చెప్పు.

మీ అన్న
నల్లగొండ