వ్యంగ్యం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ అందింది. మున్సిపల్ ఆఫీసులో బిల్లు పాస్ చేయించుకోవడానికి కాంట్రాక్టరు పడే పాట్లు చదివాను. నీ కోపం నిజమైనది, అది నాకు చాలా నచ్చింది. కానీ ఇంజనీరు, గుమస్తా, ఆఖరికి అటెండరు కూడా జోకులేస్తున్నారు. అందుకే నాకు నవ్వు రాలేదు.

కుందన్ షా 1983లో తీసిన ‘జానే భీ దో యారో’ అనే హిందీ సినిమా ఉంది. 2012లో ప్రింటు బాగుచేసి మళ్లీ విడుదల చేసినప్పుడు హాల్లో చూశాను. బొంబాయిలో ఇద్దరు అమాయకపు ఫోటోగ్రాఫర్లు. బిల్డర్ల బండారం బయటపెట్టబోయి మున్సిపల్ కమిషనర్ శవంతో ఇరుక్కుంటారు. ఆ శవం కోసం అందరూ వెంటపడి, చివరికి మహాభారతం నాటకం ఆడుతున్న స్టేజీ మీదికొచ్చి పడతారు. శవానికి ద్రౌపది వేషం. చీర లాగితే గుట్టు రట్టవుతుంది. కాబట్టి దుర్యోధనుడే వస్త్రాపహరణం వద్దంటాడు! పాపం, ధృతరాష్ట్రుడు ఏం జరుగుతోందని అడుగుతూనే ఉంటాడు. పద్య నాటకాలు ఎరిగిన మనవాళ్లకు ఆ సీను ఇంకా బాగా ఎక్కుతుంది.

అక్కడ నవ్వించాలని చూసేవాడు ఒక్కడూ లేడు. బిల్డర్లకు శవం చేజిక్కాలి, కుర్రాళ్లకు అది సాక్ష్యంగా దక్కాలి. ఎవరి టెన్షన్ వాళ్లది. వాళ్లు ప్రాణం మీదికొచ్చినట్టు పెనుగులాడుతుంటే హాలంతా పొట్ట పట్టుకుని నవ్వింది.

కాసేపటికే పెద్దలందరూ ఒక్కటైపోతారు. అవినీతిని బయటపెడతానన్న పత్రిక ఎడిటరమ్మ కూడా వాళ్లతోనే. బిల్డరు కట్టిన వంతెన కూలిన నేరం ఆ ఇద్దరు ఫోటోగ్రాఫర్ల నెత్తిన పడుతుంది. ఖైదీ బట్టల్లో రోడ్డు మీద నడుస్తూ, మన వైపు తిరిగి గొంతు కోసినట్టు సైగ చేస్తారు. వెనకాల ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ (మనం గెలిచి తీరతాం) పాట. నా పక్కనాయన పాప్‌కార్న్ డబ్బాలో పెట్టిన చెయ్యి అలాగే ఉంచేశాడు. కుందన్ షా అంతసేపూ నవ్వించాడు కాబట్టే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలింది.

ఇలాంటి సినిమా ఏదొచ్చినా ఫోన్లో చూసి ఊరుకోకు. హాలుకు వెళ్లు. జనం ఎక్కడ పగలబడి నవ్వారు, ఎక్కడ పక్కవాణ్ణి చూసి మొహమాటంగా నవ్వారు, ఎక్కడ ఆపేశారు, చెవులు రిక్కించి విను. ఒకడి కులాన్నో, పేదరికాన్నో, నత్తినో వెక్కిరించినా హాలు నవ్వుతుంది. ఆ నవ్వు నీకొద్దు. నీ కథలో అటెండరు నత్తి తీసెయ్. వాడు నిన్నేం చేశాడు? కోట్లు మింగిన ఇంజనీరు ఉండగా వాడి జోలికి ఎందుకు?

ఆ ఇంజనీరుకు ఈ బిల్లు ఈరోజే ఎందుకు ఆపాలో, కాంట్రాక్టరుకు ఈరోజే ఎందుకు కావాలో ముందు తేల్చుకో. ముగింపులో కలెక్టరు వచ్చి న్యాయం చేశాడని రాశావు, ఆ పేరా కొట్టేసి మళ్లీ రాసి పంపు. వచ్చిన రోజే చదువుతాను.

నీ అన్నయ్య