కథలు రాసేవాళ్లకు సాహిత్య సభలు, వర్క్‌షాపులు నిజంగా ఉపయోగపడతాయా?

కొన్నాళ్లుగా కథలు రాస్తున్నానని, పత్రికలకు పంపితే జవాబు రావడం లేదని, పార్వతీపురం వైపు తెలిసిన రచయితలెవరూ లేరని రాశారు. సభలకూ వర్క్‌షాపులకూ వెళ్తే రాత బాగుపడుతుందా, లేక బస్సు చార్జీలూ ఆదివారమూ దండగేనా అని అడిగారు. కొత్తవాళ్లని అక్కడెవరైనా పట్టించుకుంటారా అన్నది మీ అసలు భయం అనిపించింది.

నేను విజయనగరం జిల్లాలో టీచర్‌ని. కథలు రాస్తాను. ఉత్తరాంధ్రలో జరిగే సభలకు చాలా ఏళ్లుగా వెళ్తున్నాను, కథా వర్క్‌షాపుల్లో కూర్చున్నాను, ఒకటి రెండు నిర్వహించడంలో సాయం కూడా పట్టాను. నా అనుభవంలో సభ వేరు, వర్క్‌షాప్ వేరు. రెండూ కావాలి, కానీ రాత బాగుపడేది మన కాగితాన్ని ఇంకొకరు చదివే చోట. అందుకే ఎక్కడికి బయల్దేరినా ముందు ఒకటే చూసుకుంటాను: అక్కడ నా కథ ఎవరైనా చదువుతారా?

ముందు సభల సంగతి. కార్డు మీద సాయంత్రం ఐదున్నర అని ఉంటుంది, మొదలయ్యేసరికి ఆరు దాటుతుంది. వేదిక మీదికి పిలుపులు, సభాధ్యక్షుడి తొలిపలుకులు, పుస్తకావిష్కరణ, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథులు, శాలువాలు, ఆఖర్న రచయిత స్పందన, వందన సమర్పణ. రచయిత మైకు ముందుకి వచ్చేసరికి దూరం నుంచి వచ్చినవాళ్లు చివరి బస్సు కోసం లేచిపోతుంటారు. నాకు ఇది ఎప్పుడూ బాధే. పుస్తకం రాసిన మనిషి మాట మొదట వినాలి కదా. మేం సాయం పట్టిన సభల్లో రచయితని ముందు మాట్లాడించి, కథలోంచి ఒక పేజీ చదివించి, ఆ తర్వాతే మిగతావాళ్లకి మైకు ఇచ్చాం. హాల్లో జనం కదలకుండా కూర్చున్నారు.

అయినా సభలకి వెళ్లమనే చెప్తాను. తెలుగులో కథల పుస్తకాలు చాలావరకు రచయితలు సొంత డబ్బుతో వేసుకున్నవే. కొన్ని వందల కాపీలు వేస్తారు, అవి షాపుల దాకా రావు. సభ జరిగే హాలు గుమ్మం దగ్గర బల్ల మీదే దొరుకుతాయి. మా ప్రాంతం గురించి నేను చదివిన మంచి కథల్లో చాలా భాగం అలా బల్ల మీద కొన్నవే. పత్రికల చిరునామాలు, ఏ పత్రిక ఎంత నిడివి కథలు తీసుకుంటోంది, ఎక్కడ పోటీ పెట్టారు, ఇవన్నీ సభ అయ్యాక టీ దగ్గర తెలుస్తాయి. వాట్సాప్ గ్రూపుల్లో చేర్చేదీ అక్కడే.

మన వైపు సభలు వరసగా ఉండే రోజులు కొన్ని ఉన్నాయి. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. సెప్టెంబర్ 21 గురజాడ జయంతి, విజయనగరంలో తప్పకుండా కార్యక్రమాలుంటాయి. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. దూరం వెళ్లగలిగితే డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉన్నాయి. రెండు చోట్లా పుస్తకాల స్టాళ్లతో పాటు సభావేదిక ఉంటుంది. కేంద్ర సాహిత్య అకాడెమీ కార్యక్రమాలు మీ దగ్గర్లో జరిగితే వదులుకోకండి. ‘కథాసంధి’లో ఒక కథకుడో కథకురాలో తన కథ చదివి, తన రాత గురించి మాట్లాడి, శ్రోతల ప్రశ్నలకి జవాబులు చెప్తారు. కవులకు ‘కవిసంధి’, రచయిత్రులకు ‘అస్మిత’, కొత్త తరానికి ‘యువసాహితి’ ఉన్నాయి. కథాసంధి, కవిసంధిల్లో ఒక్క రచయిత మీదే కార్యక్రమం అంతా నడుస్తుంది కాబట్టి, పది మంది వక్తల సభ కంటే అవి నాకు ఎక్కువ పనికొచ్చాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, శ్రీకాకుళంలో ఉన్న కథల గ్రంథాలయం, కథానిలయం ఒక ఎత్తు. మీకు అంత దగ్గర్లో ఉండి కూడా మీ ప్రశ్నలో దాని ఊసు లేదు కాబట్టి కొంచెం ఎక్కువగానే చెప్తాను. కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన పురస్కారాల డబ్బు వెచ్చించి, అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒక చోట ఉండాలన్న పట్టుదలతో 1997 ఫిబ్రవరి 22న దాన్ని మొదలుపెట్టారు. పాత పత్రికలు, సంకలనాలు, సంపుటాలు ఊరూరా తిరిగి సేకరించారు. చాలా కథల్ని స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు. మాస్టారు 2021 జూన్‌లో వెళ్లిపోయారు గానీ కథానిలయం ఉంది. సభ లేని రోజు చూసుకుని వెళ్లండి. మీరు రాయాలనుకుంటున్న విషయం మీద అరవై ఏళ్ల కిందట ఎవరు ఎలా రాశారో కూర్చుని చదవండి. కొత్తగా రాసేవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఇక వర్క్‌షాపులు. పేరు వర్క్‌షాప్ అని పెట్టి రెండు రోజులూ ఉపన్యాసాలతో నింపేసేవి ఉన్నాయి: కథానిక పుట్టుక, వస్తువు, శిల్పం, మధ్యలో భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. వినడానికి బాగుంటాయి, నోట్సు నిండుతుంది, మీ కథ మాత్రం సంచీలో తీసుకెళ్లినట్టే తిరిగొస్తుంది. మంచి వర్క్‌షాప్ అయితే కథల్ని ముందే తెప్పించుకుంటారు. వాటిని అందరికీ పంపి, చదివి రమ్మంటారు. ఆరేడుగురిని ఒక గుంపుగా చేసి, ఒక్కో కథకి గంటైనా ఇస్తారు. కథ గురించి మిగతావాళ్లు మాట్లాడుతున్నంతసేపూ రాసినవాళ్లు నోరు విప్పకూడదన్న నియమం కూడా పెడతారు. ‘నా ఉద్దేశం అది కాదండీ’ అనాలని ప్రాణం కొట్టుకుంటుంది. కానీ పత్రికలో అచ్చయ్యాక పాఠకుడి పక్కన కూర్చుని మన ఉద్దేశం చెప్పలేం కదా. ఆ గంటసేపు కాగితం మీద ఉన్నదే మాట్లాడాలి.

నాకు జరిగింది చెప్తాను. మొదటి వర్క్‌షాప్‌కి జూట్ మిల్లు లాకౌట్ మీద కథ పట్టుకెళ్లాను. మిల్లు మూతపడడం, తెరవడం, మళ్లీ మూతపడడం చూస్తూ పెరిగినవాళ్లం మేం. కథలో తండ్రి రోజూ గేటు దాకా నడిచి వెళ్తాడు, అంటించిన నోటీసు చదువుతాడు, తోటి కార్మికులతో బీడీ కాల్చి ఇంటికొస్తాడు. గుంపులో పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉన్నారు. అందరూ భాష గురించీ ముగింపు గురించీ మాట్లాడాక ఆయన, ‘‘నాలుగు నెల్లై జీతం లేదు కదమ్మా, ఈ ఇంట్లోకి బియ్యం ఎవరు తెస్తన్నారు?’’ అని అడిగారు.

గదిలో చర్చ మొత్తం అటు మళ్లింది. కథలో తల్లి రెండు చోట్ల కనిపిస్తుంది, రెండు చోట్లా అన్నం పెడుతుంది. ఆ అన్నం ఎక్కడిదని ఒకరు, అప్పు ఎవరు పుట్టించారని ఒకరు. పలాస నుంచి వచ్చిన ఒకామె జీడిపప్పు పరిశ్రమలో ఆడవాళ్ల పని గురించి చెప్పింది. పిక్క కొట్టేటప్పుడు తొక్కలోంచి వచ్చే జీడి రసం తగిలి వేళ్లు పొక్కుతాయని, చేతులకి బూడిద రాసుకుంటారని, అయినా అన్నం కలుపుకునేటప్పుడు మండుతుందని. ఆవిడ కథలు రాయదు, స్నేహితురాలికి తోడుగా వచ్చింది. ఆ రాత్రి బస చేసిన గదిలో కూర్చుని తల్లి వైపు నుంచి మొదటి వాక్యం రాసుకున్నాను. కథ పూర్తయ్యేసరికి వేసవి సెలవులొచ్చాయి. మిల్లు గేటు అందులో ఒక్క చోటే మిగిలింది. అచ్చయ్యాక నాకు ఫోన్లు తెచ్చిన కథ అదే. ఏ ఉపన్యాసమూ నాకు ఆ ప్రశ్న వేసి ఉండేది కాదు, ఎందుకంటే ఆ ప్రశ్న నా కథకి మాత్రమే సంబంధించింది.

యాస గురించి కూడా మీరు అడిగారు, మన ఉత్తరాంధ్ర మాట బయటివాళ్లకి అర్థమవుతుందా అని. రాయలసీమ, తెలంగాణ నుంచి వచ్చినవాళ్లు నా కథలు చదువుతుంటే గమనించాను. మన మాటల దగ్గర వాళ్లెవరూ ఆగిపోలేదు. సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుని ముందుకెళ్లిపోయారు. ఆగిందల్లా వరసగా నాలుగైదు సంభాషణలు వచ్చి, ఏది ఎవరు అంటున్నారో తెలియని చోట. కాబట్టి యాస తగ్గించకండి. ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేలా చూసుకోండి చాలు. అలాగే వాళ్ల కథలు మనం చదవడం కూడా గొప్ప లాభం. మాట్లాడే భాషని కాగితం మీద ఎన్ని రకాలుగా పెట్టొచ్చో అప్పుడే తెలుస్తుంది.

వర్క్‌షాప్‌లో వచ్చే సలహాలన్నీ పాటించాలని లేదు. నేను ఒకటి అలవాటు చేసుకున్నాను. పాఠకుడు ఎక్కడ ఆగాడో, ఎక్కడ విసుగొచ్చిందో, ఎక్కడ నమ్మలేదో చెప్తే అది తప్పకుండా రాసుకుంటాను. ‘ఇక్కడ ఇలా మార్చండి, చివర్లో అతన్ని చంపేయండి’ అంటే వినేసి వదిలేస్తాను. సమస్య ఎక్కడుందో చెప్పడంలో చదివేవాళ్లు సాధారణంగా పొరపడరు. దాన్ని సరిచేసే దారి మాత్రం రాసినవాళ్లే వెతుక్కోవాలి. పేరున్న రచయిత చెప్పినా సరే.

కొన్నిటికి దూరంగా ఉండమని గట్టిగా చెప్తాను. మీ కథ సంకలనంలో వేస్తాం, ఇన్ని కాపీలు కొనాలి అంటే వద్దనండి. డబ్బు కడితే బిరుదు, మెమెంటో, ఫొటో ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వంద మంది కవుల్ని పిలిచి ఒక్కొక్కరికి రెండు నిమిషాలిచ్చే సమ్మేళనాలూ ఉన్నాయి, అక్కడ తన వంతు అయ్యాక ఇంకొకరి కవిత వినేవాళ్లు తక్కువ. ఇలాంటివాటిలో చదువు ఉండదు, చర్చ ఉండదు. వర్క్‌షాప్‌కి భోజనం, బస ఖర్చుల కింద కొంత తీసుకోవడం మాత్రం న్యాయమే. విద్యార్థులకి తగ్గింపు ఉందేమో అడగండి, చాలామంది నిర్వాహకులు సంతోషంగా ఇస్తారు.

సంస్థలకి వాటి వాటి ఆలోచనలు ఉంటాయని కూడా తెలుసుకుని వెళ్లండి. 1943లో తెనాలిలో తొలి మహాసభ జరుపుకున్న అరసం (అభ్యుదయ రచయితల సంఘం), 1970లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా మొదలైన విరసం (విప్లవ రచయితల సంఘం), రెండూ సాహిత్యాన్ని సమాజంతో ముడిపెట్టి చూసేవే. విరసం సాహిత్య పాఠశాలల పేరుతో సమావేశాలు కూడా జరుపుతుంటుంది. కొన్ని సంస్థలు భాష, ఛందస్సు, సంప్రదాయం వైపు ఉంటాయి. మీ అభిప్రాయాలు కలవకపోయినా వెళ్లి వినొచ్చు. నాతో ఏకీభవించనివాళ్లే నా కథల్ని ఎక్కువ శ్రద్ధగా చదివారు.

కొత్తవాళ్లని పట్టించుకుంటారా అన్నదానికి వస్తే, సభలో వాళ్లంతట వాళ్లు వచ్చి పలకరిస్తారని ఎదురుచూడకండి. వక్తల్లో ఒకరి కథ ఏదైనా ముందే చదివి వెళ్లండి. సభ అయ్యాక ఆ కథ గురించి ఒక ప్రశ్న అడగండి. తన కథ చదివిన మనిషి కనబడితే ఏ రచయితా ముఖం తిప్పుకోగా నేను చూడలేదు. మీ రాతప్రతి మాత్రం మొదటి పరిచయంలోనే చేతిలో పెట్టకండి, పరిచయం పెరిగాక వాళ్లే అడుగుతారు. మీతో అమ్మాయిలెవరైనా వస్తుంటే, బస ఎక్కడ, రాత్రి ఎన్నింటికి ముగుస్తుంది, ఇంకా ఎంతమంది ఆడవాళ్లు వస్తున్నారు అన్నవి ముందే ఫోన్ చేసి కనుక్కోమనండి. నేను ప్రతిసారీ కనుక్కుంటాను. సూటిగా జవాబు చెప్పని చోటికి వెళ్లను.

ఏదీ దగ్గర్లో లేకపోతే మీరే మొదలుపెట్టొచ్చు. దీనికి వేదిక, బ్యానర్, అతిథి ఏమీ అక్కర్లేదు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్‌ని అడిగితే నెలకోసారి ఒక గంటన్నర కూర్చోవడానికి చోటు దొరకొచ్చు, లేదంటే బడి గది. ముగ్గురుంటే చాలు. ఒక్కసారికి ఒక్క కథే పెట్టుకోండి, వారం ముందే జెరాక్స్ ఇవ్వండి, చదవకుండా వచ్చినవాళ్లు ఆ రోజుకి వినాలే తప్ప మాట్లాడకూడదని ముందే అనుకోండి. మా గుంపు ఇలాగే నడుస్తోంది. అందులో ఒక్కరే రచయితగా పేరున్నవారు. మిగతావాళ్లలో మందుల షాపు నడిపే ఆయన ఉన్నారు, అంగన్‌వాడీ టీచర్ ఉన్నారు, డిగ్రీ చదివే కుర్రాళ్లున్నారు. మీ పక్కన అలాంటి ఇద్దరు దొరికితే, పత్రికల నుంచి జవాబు రాని ఆ కథనే మొదట పెట్టండి.